ట్రాప్‌డోర్ కింద 030

ఆదివారం, బ్రాడీపేట.

రోహిణి కార్తె ఎండకి పది దాటాక ఇలాంటి పని పెట్టుకోకూడదు. చెమట చుక్క బోర్డు మీద పడకుండా కాచుకోవడమే సగం పనవుతుంది. అందుకే ఏడింటికల్లా బల్ల సర్దేశాను.

మిషను అమిగా 1200, కమొడోర్ వాళ్ల ఇంటి కంప్యూటర్, 1992 నాటి మోడలు. 14 మెగాహెర్ట్జ్ 68ఈసీ020 ప్రాసెసర్, 2 ఎంబీ చిప్ ర్యామ్. ఇన్నాళ్లూ అడుగున మూత ఉన్న అరలో, అంటే ట్రాప్‌డోర్‌లో, 8 ఎంబీ ర్యామ్ కార్డు ఉండేది. దాన్ని పీకి బ్లిజార్డ్ 1230 నాలుగో మార్కు కార్డు ఎక్కించాలి. దాని మీద 50 మెగాహెర్ట్జ్ 68030 ప్రాసెసర్ (క్లుప్తంగా 030), 32 ఎంబీ సిమ్ (ర్యామ్ పలక) ఉన్నాయి.

"ముప్పై ఏళ్ల పెట్టెకి ఇంత వేగమెందుకు బావా?" అన్నాడు బావమరిది, కాఫీ ఇస్తూ. న్యాయమైన ప్రశ్నే. ఉత్త మిషనుకి ఏదో ఒక ఫాస్ట్ ర్యామ్ కార్డు పెడితేనే వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. చిప్ ర్యామ్‌ని బొమ్మ, శబ్దం చూసే చిప్‌లు కూడా వాడుకుంటాయి, ప్రాసెసర్ వాటితో వంతులు పడాలి. ఫాస్ట్ ర్యామ్ పూర్తిగా ప్రాసెసర్‌దే. చేతిలో డబ్బు తక్కువైతే అక్కడితో ఆగిపోయినా నష్టం లేదు.

కార్డు మార్చడానికి అసలు కారణం పక్కన చిన్న కార్డులు దోపే పీసీఎంసీఐఏ స్లాటు. ఇందులోని 68ఈసీ020కి 24 బిట్ల అడ్రసే, అంటే మొత్తం 16 ఎంబీ జాగా. అందులో 8 ఎంబీ ర్యామ్ పరుచుకుంటే దాని పై సగం సరిగ్గా పీసీఎంసీఐఏ చోటు మీదే కూర్చుంటుంది. 4 ఎంబీకి కుదించుకుంటే తప్ప పక్క స్లాటులో ఫ్లాష్ కార్డు పనిచేయదు. 030కి 32 బిట్లు కాబట్టి ఈ కార్డు ర్యామ్ ఆ 16 ఎంబీ అవతల ఉంటుంది, తగాదా లేదు.

ముందు హార్డ్ డిస్క్ మొత్తం బ్యాకప్. తర్వాత ప్లగ్గు పీకి, పాత కార్డు తీసి, బోర్డు అంచున ఉన్న 150 పిన్నుల బంగారు పళ్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. రబ్బరుతో రుద్దే అలవాటు చాలామందికి ఉంది. ఆ పొట్టు కార్డు సాకెట్లో ఇరుక్కుంటే మళ్లీ తీయలేం. ఆడియో జాక్‌ల దగ్గరి కెపాసిటర్ల కాళ్లు కూడా చూశాను. అక్కడ టంకం మెరుపు పోయి మాసినట్టుంటే లీకు మొదలైనట్టే, సోల్డరింగ్ ఐరన్ తగలగానే చేపల వాసన కొడుతుంది. ఇందులో ఇదివరకే మార్చారు.

కార్డు తోసి స్విచ్ వేస్తే తెర పసుప్పచ్చ. పసుపంటే బూటింగ్‌లోనే ప్రాసెసర్ ఎక్కడో తప్పటడుగు వేసిందని. ఆకుపచ్చైతే చిప్ ర్యామ్‌ని, ఎరుపైతే రోమ్‌ని అనుమానించాలి. కొత్త కార్డుతో పసుపొస్తే నూటికి తొంభై పాళ్లు కాంటాక్టే. టార్చి వేసి చూస్తే సాకెట్ ఒక మూల రెండు మిల్లీమీటర్లు బయటే ఉంది. అడుగు నుంచి ఒంటి చేత్తో తోస్తే ఇంతే. రెండో చెయ్యి కీబోర్డు వైపు నుంచి ఎదురు పట్టి, తిన్నగా, ఊపకుండా నొక్కాలి. ఈసారి వర్క్‌బెంచ్ (అమిగా డెస్క్‌టాప్ తెర) వచ్చింది. (అప్పటికీ పసుపే అయితే కొన్ని బోర్డుల్లో ఈ123సీ, ఈ125సీ అనే చిన్న కెపాసిటర్లు తీసేయాల్సి ఉంటుంది. కాంటాక్టు తేలకుండా మాత్రం వాటి జోలికి పోకూడదు.)

పావుగంట బానే నడిచి, డిస్క్ మెదలగానే రీసెట్. చూడగానే సిమ్ చెడిందనిపిస్తుంది. మీటరు పట్టింది ఫ్లాపీ డ్రైవు పవర్ కనెక్టర్ దగ్గర, ఎరుపుకీ నలుపుకీ మధ్య. పాత కార్డుతో 5.02 వోల్టులు ఉండేది, ఇప్పుడు 4.71. 4.75 కిందికి దిగితే ఏ చిప్ ఎప్పుడు చేతులెత్తేస్తుందో చెప్పలేం. వాడుతున్న సప్లై 5 వోల్టుల మీద 3 ఆంపియర్లది. అమిగా 500 నాటి బరువైన ఇటుకలాంటి సప్లై 4.5 ఆంపియర్లు ఇస్తుంది, ప్లగ్గు అదే చదరపు ఐదు పిన్నులది. మార్చగానే 4.93 వోల్టులు. ఆ తర్వాత రెండు గంటల్లో ఒక్క రీసెట్ లేదు.

సాఫ్ట్‌వేర్ వైపు పెద్దగా ఏమీ లేదు. 68040, 68060 ప్రాసెసర్ల కార్డులకైతే వాటి లైబ్రరీ ఫైలు ముందే ఎక్కించి ఉంచాలి, 030కి అక్కర్లేదు. కార్డు మీది మ్యాప్‌రోమ్ జంపర్ పెడితే కిక్‌స్టార్ట్ (రోమ్‌లో ఉండే సిస్టమ్ సాఫ్ట్‌వేర్) కాపీ ఫాస్ట్ ర్యామ్‌లోంచి నడుస్తుంది, మెనూల్లోనే తేడా కనిపిస్తుంది. వేగం కొలిచే సిస్‌ఇన్ఫో ప్రోగ్రాములో తొమ్మిది మిప్స్ (సెకనుకి మిలియన్ ఆదేశాల లెక్క) పైచిలుకు. మొండికేసే పాత ఆటలకి రీసెట్ సమయంలో 2 కీ నొక్కి ఉంచితే కార్డు పక్కకు తప్పుకుంటుంది.

మధ్యాహ్నం కాపీ నడుస్తుండగా కరెంటు పోయింది. వచ్చాక డిస్క్ పార్టిషన్ 'నాట్ వాలిడేటెడ్' (లెక్క సరిచూడలేదు) అంది. ఇలాంటప్పుడు దాని మీద ఏదీ రాయకుండా కాసేపు వదిలేస్తే చాలావరకు తనే సరిచేసుకుంటుంది. 030 పుణ్యమా అని మూడు నిమిషాల్లో తేలింది.

ట్రాప్‌డోర్ మూత మాత్రం వేయలేదు. సిమ్‌కి రెండు వైపులా చిప్‌లున్నాయి, మూత పట్టదు. ఈ ఎండల్లో పట్టినా వేసేవాణ్ణి కాదు. నాలుగు మూలలా నాలుగు రబ్బరు బుష్షులు పెట్టి మిషను కాస్త ఎత్తాను.