పెరటి మడిలో సామెతల బడి

పిల్లలకు సామెతలు నేర్పడానికి పెరటి మడిని మించిన చోటు లేదని నా నమ్మకం. భోజనాల దగ్గర చెబితే తిట్టులా వినిపించే మాట, చేతికి మట్టి అంటి ఉన్నప్పుడు చెబితే సరదాగా ఎక్కేస్తుంది.

మేముండేది షికాగో పక్కన నేపర్‌విల్‌లో. మే నెల రెండో ఆదివారం, అంటే మదర్స్ డే దాటాకే టమాటా నారు బయట పెట్టాలని ఇక్కడి పెద్దవాళ్లు చెప్తారు. అంతకుముందు నాటితే మంచు దెబ్బకు మాడిపోవచ్చు. మొక్కజొన్న జులై 4 నాటికి మోకాలెత్తు పెరగాలన్నది ఇంకో మాట. ఇప్పటి హైబ్రిడ్ రకాలు ఆపాటికి చాలాచోట్ల మనిషెత్తు దాటేస్తున్నాయి, అయినా ఆ మాట పోలేదు. మావాడు దీన్ని బడిలో విని వచ్చి వీడియో కాల్‌లో తణుకులో ఉన్న అమ్మమ్మకు చెప్పాడు. ఆవిడ ఊరుకుంటుందా? "మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందిరా నాన్నా" అంది. మృగశిర కార్తె జూన్ రెండో వారానికల్లా వచ్చేస్తుంది, తొలకరి కాలం. ఆ వారమంతా వాన పడితే చాలు, మావాడు ఇంట్లో రంకెలు.

ఆనప పాదు దగ్గర మాత్రం మా అమ్మాయిదే పెత్తనం. ఆనపకు ముందు మగపూలే వస్తాయి. రోజూ తెల్లటి పూలు, ఒక్క పిందె లేదు. పిల్లకి ఒకటే టెన్షన్. "పూసిన పూలన్నీ కాయలవుతాయా తల్లీ, ఓపిక పట్టు" అంది అమ్మమ్మ. తర్వాత ఆడపువ్వు వచ్చింది, కింద నూగుతో బొటనవేలంత పిందె. ఈ పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. పుప్పొడి మోసే రాత్రి పురుగులు మా పెరట్లో అంతగా కనిపించవు కాబట్టి ఆ పని మా అమ్మాయే చేస్తుంది. పొద్దు గుంకుతుంటే ఒక మగపువ్వు కోసి, రేకులు తుంచేసి, మధ్యలో ఉన్న పుప్పొడి కాడని ఆడపువ్వుకి మెల్లగా అద్దుతుంది. కాయలు దిగాక పందిరి కుంగుతోందని మళ్లీ భయం. "తీగకు కాయ బరువా?" అంది అమ్మమ్మ. తల్లికి బిడ్డ భారం కాదని చెప్పడానికి వాడే మాట ఇది. పిల్ల నా వైపు తిరిగి, "మరి నన్నెత్తుకోమంటే బరువంటావేం?" అంది.

లెక్కల హోంవర్క్ వదిలేసి వంగ మొక్కల్లో దూరిన మావాణ్ణి అడిగితే "కలుపు తీస్తున్నా" అన్నాడు. తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడ గడ్డి కోసం అన్నట్టుందన్నాను. ఎక్కడైనా తాడిచెట్టు మీద గడ్డి ఉంటుందా అని పగలబడి నవ్వాడు. ఇప్పుడు నేను ఫోన్ పట్టుకుని రెసిపీ చూస్తున్నానంటే చాలు, అదే సామెత నాకు తగిలిస్తాడు.

ఒక్క సామెత మాత్రం మా ఇంట్లో పిల్లల మీద వాడం. తెలుగు సరిగా రాని పిల్లలు కనబడితే చాలు, పార్టీల్లో ఎవరో ఒకరు "మొక్కై వంగనిది మానై వంగునా" అంటారు. ఆ మాట విన్న పిల్లలు వచ్చిన నాలుగు ముక్కలు కూడా మింగేసుకుంటారు. అంతకన్నా మా పక్కింటి పెద్దాయన క్లెమాటిస్ తీగ నాటుతూ చెప్పిన మాట నాకు నచ్చింది: మొదటి ఏడు పడక, రెండో ఏడు పాకడం, మూడో ఏడు పరుగు. భాష విషయంలో మా పిల్లలిద్దరూ అలాగే నడిచారు. అందుకే ఆలస్యమవుతోందని బెంగపడే తల్లులకు ఈ మాటే చెప్తుంటాను.

ఈ ఏడు చిక్కుడు మొలకలన్నీ కుందేళ్లు కొరికేశాయి. కంచె వేద్దామని అమ్మాయి, వెల్లుల్లి నీళ్లు చల్లితే చాలని అబ్బాయి. వాడు ఎంతకీ దిగిరాకపోతే, "నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు!" అని అరిచింది అక్క. మావాడు వెంటనే, "నేనింకా పట్టనే లేదు!" అన్నాడు. శనివారం వైరు మెష్ కొనడానికి ముగ్గురం వెళ్తున్నాం.