మాత్ర తప్పిన రెండో రోజు

ఈ ఉదయం మంచం మీది నుంచి లేచి తల పక్కకు తిప్పగానే, చెవుల వెనుక ఎక్కడో సన్నగా కరెంటు తాకినట్టు ఝల్లుమని, మరుక్షణమే సర్దుకుంది. పళ్లు తోముకుంటూ అద్దం వైపు చూపు మళ్లించినప్పుడు మళ్లీ అదే జరిగింది. సొరుగులోని మాత్రల అట్ట తీసి చూస్తే పది గుంటలూ ఖాళీగా ఉన్నాయి. మొన్న ఆఖరి మాత్ర వేసుకున్నాక కొత్తవి తెచ్చుకోవడం మరచిపోయాను.

శీఘ్ర స్ఖలనానికి నాలుగేళ్లుగా రోజూ 20 మిల్లీగ్రాముల పారోక్సెటిన్ వాడుతున్నాను. ఇది అసలు కుంగుబాటుకూ ఆందోళనకూ వచ్చిన మందు. స్ఖలనాన్ని ఆలస్యం చేసే గుణం కూడా ఉన్నందువల్ల వైద్యులు తమ విచక్షణతో ఈ సమస్యకూ రాస్తారు. అంతకుముందు, కలయికకు ఒకటి నుంచి మూడు గంటల ముందు వేసుకోవలసిన డపాక్సెటిన్ 30 మిల్లీగ్రాములు ఇచ్చారు. అది పనిచేసింది కానీ, వికారాన్ని ఓర్చుకుంటూ గడియారం వైపు చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. రోజువారీ మాత్రకు మారిన మూడో వారానికి, నిమిషంలోపే అంతా ముగిసి నేను గోడ వైపు తిరిగి పడుకునే రాత్రులు ఆగిపోయాయి. ఆ మేలును నేను ఎన్నటికీ తక్కువ చేసి మాట్లాడను.

అయితే ఈ మధ్య కోరికే తగ్గింది. అది కూడా మందు ప్రభావమే కావచ్చునని తెలిసినా, వైద్యుడి దగ్గర ఆ మాట ఎత్తితే మాత్ర మాన్పిస్తారేమో, పాత రాత్రులు తిరిగి వస్తాయేమో అన్న భయంతో, చీటీ కొనసాగించడానికి వెళ్లిన ప్రతిసారీ "అంతా బాగానే ఉందండీ" అని వచ్చేశాను. ఈ నాలుగేళ్లలో నేను చేసిన అసలు తప్పు అదే.

ఈ మధ్యాహ్నం మాత్రం ఏదీ దాచలేదు. ఈ మందు శరీరంలోంచి త్వరగా వెళ్లిపోతుంది గనుక ఉన్నట్టుండి ఆపితే ఇలాంటి ఝల్లులు, తల తిరగడం, చిరాకు వస్తాయని, అందుకే మోతాదును వారాల తరబడి మెల్లగా తగ్గించాలని వైద్యుడు వివరించారు. ఆపాక చాలామందిలో సమస్య తిరిగి వస్తుందన్న సంగతి కూడా దాచలేదు. మేము బిడ్డ కోసం అనుకుంటున్నామని చెప్పగానే ఆయన కలం పక్కన పెట్టి, పారోక్సెటిన్ వీర్యకణాల నాణ్యతను దెబ్బతీసే అవకాశం ఉందని, ఆపితే అది తిరిగి కోలుకుంటుందని అన్నారు. ప్రస్తుతానికి పాత మోతాదే వేసుకుంటూ, వచ్చే నెల నుంచి సగానికి దిగాలి.

రాత్రి ఇదంతా నా భార్యకు చెప్పాను. చాలాసేపు మౌనంగా విని, "మీకు నా మీద ఇష్టం తగ్గిందేమో అనుకున్నాను" అంది. నాకు నోట మాట రాలేదు. మాత్రను మధ్యగీత దగ్గర ఎలా విరవాలో చూపించమని అడిగి, వచ్చే నెల తనూ వైద్యుడి దగ్గరికి వస్తానంది.