ఫ్యాన్ ఆపేసి బ్రహ్మకమలం తీసిన రాత్రి

మా ఇంటి బ్రహ్మకమలం విచ్చుకోవడాన్ని టైమ్‌లాప్స్ వీడియో (కొన్ని సెకన్లకో ఫొటో తీసి, అన్నీ వరసగా పేర్చి గంటల్ని నిమిషాల్లో చూపించేది) తీయడం మూడోసారికి కుదిరింది. మొదటి రెండుసార్లు ఎలా చెడగొట్టుకున్నానో ముందే చెప్పేస్తాను, మీరైనా రెండు పువ్వులు వృథా చేసుకోకుండా ఉంటారు. ఈ పువ్వు రెండో ఛాన్స్ ఇవ్వదు. రాత్రి ఎనిమిదికి అటూఇటూగా విచ్చడం మొదలుపెట్టి, అర్ధరాత్రికల్లా అరచేయంత అయి, తెల్లారేసరికి మెడ వేలాడేస్తుంది.

మాది రాజమండ్రి. పిన్ని కడియం నర్సరీలో కొన్న మొక్క నుంచి ఒక ఆకు విరిచి ఇస్తే అమ్మ కుండీలో గుచ్చింది, మూడేళ్లకు మొగ్గేసింది. అసలు బ్రహ్మకమలం హిమాలయాల్లో పూసే వేరే మొక్క, మన ఇళ్లలో ఉండేది మెక్సికో వైపు నుంచి వచ్చిన కాక్టస్ జాతి అని అమ్మకి చెప్పి చూశాను. "అయితే దీనికి దీపం పెట్టకూడదా?" అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మొదటిసారి ఫోన్లో టైమ్‌లాప్స్ మోడ్ పెట్టి బాల్కనీలో వదిలేశాను. గాలికి ఆకు ఊగిపోయింది. మొగ్గని చూసి ఫ్రేమ్ పెట్టాను కానీ పువ్వు ఎంత అవుతుందో లెక్కేసుకోలేదు, పదింటికల్లా రేకులు నాలుగువైపులా బయటికి పోయాయి. అన్నీ ఆటోలో ఉండటంతో తెల్ల రేకులు తెరుచుకునే కొద్దీ ఫోన్ వెలుతురు తగ్గిస్తూ పెంచుతూ, వీడియో మొత్తం పోబోతున్న ట్యూబ్‌లైట్‌లా కొట్టుకుంది.

రెండోసారి ఫ్రెండ్ దగ్గర పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా అడిగి తెచ్చాను. అంతా బాగానే నడుస్తోంది అనుకునేసరికి పదకొండున్నరకి బ్యాటరీ అయిపోయింది. మార్చేటప్పుడు కెమెరా వెంట్రుకవాసి కదిలింది, అంతే. వీడియోలో సరిగ్గా అక్కడ పువ్వుకి ఎక్కిళ్లు వచ్చినట్టుంటుంది.

మూడోసారి మొగ్గ దగ్గరే కాపలా కాశాను. కిందికి వేలాడే మొగ్గ పూసే ముందు మెడ వంచి, కొక్కెంలా పైకి తిరుగుతుంది. కొన బాగా ఉబ్బి, పొద్దున్నకీ సాయంత్రానికీ తేడా తెలిసిపోతుంటే ఇక ఆ రాత్రే అని లెక్క. సాయంత్రం నేనూ నాన్నా కుండీని హాల్లోకి మోసుకొచ్చాం. మొగ్గ ఉన్న ఆకుని పురికొసతో కర్రకి కట్టాను, వెనక నల్ల దుప్పటి వేలాడదీశాను, పక్కనుంచి ఒక ఎల్ఈడీ లైటు పెట్టి ముందు తెల్ల గుడ్డ అడ్డం కట్టాను. ఎక్స్‌పోజర్ (ఎంత వెలుతురు తీసుకోవాలి), ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (రంగుల తీరు) మూడూ మాన్యువల్, అంటే కెమెరా తనంతట తాను మార్చకుండా నేనే పెట్టేశాను. ఒక్కో ఫొటోకి షట్టర్ అర సెకను తెరిచి ఉండేలా పెట్టాను, మరీ వేగంగా పెడితే కొన్ని ఎల్ఈడీల మినుకు కెమెరాకి పట్టుబడుతుంది. మొగ్గ చూడ్డానికి కాస్త చీకటిగా అనిపించినా అలాగే వదిలేశాను. విచ్చాక లోపలి తెలుపు ఫొటోలో వెలుగెక్కువై మాడిపోతే మనం చేయగలిగేదేమీ లేదు. బ్యాటరీ బదులు అదే ఆకారంలో వైరు ఉండే డమ్మీ బ్యాటరీ పెట్టి కరెంటు ప్లగ్గుకి కలిపాను, అదీ ఇన్వర్టర్ లైన్లో.

పది సెకన్లకో ఫొటో. సాయంత్రం ఏడు నుంచి రాత్రి రెండు దాకా 2,520 ఫొటోలు. సెకనుకి 25 చొప్పున పేరిస్తే వంద సెకన్ల వీడియో.

ఇన్ని చేశాక ఆకు సన్నగా ఊగుతూనే ఉంది. ఫ్యాన్! జూలై నెల, హాల్లో ఏడు గంటలు ఫ్యాన్ లేకుండా ఉండాలని చెబితే నాన్న, "పువ్వు కోసం మమ్మల్ని ఉడకబెడతావా?" అని తుండు భుజాన వేసుకుని మేడ మీదికి వెళ్లిపోయారు. నేను బనియన్ తడిసిపోయి, విసనకర్ర కూడా వాడకుండా, పది సెకన్లకోసారి టక్, టక్ వింటూ కూర్చున్నా. తొమ్మిదింటికి వాసన మొదలైంది, కాసేపటికి గదంతా నిండిపోయింది. కళ్లార్పకుండా చూస్తే రేకు కదలడం మామూలు కంటికే తెలుస్తుంది. చిన్న వణుకు, కొంచెం ఆగడం, మళ్లీ వణుకు.

పదిన్నరకి అమ్మ పక్కింటి ఆంటీతో కలిసి హారతి పళ్లెం పట్టుకుని వచ్చింది. "అమ్మా, రెండింటిదాకా ఆగవే" అన్నాను. "వాడిపోయాక ఇస్తారా ఎవరైనా?" అంది. హారతికి ఏడు నిమిషాలు పట్టింది, అంటే 42 ఫొటోల్లో ఆ వెలుగు పడింది. ఆంటీ ఫోన్ ఫ్లాష్ కొట్టబోతే మాత్రం చెయ్యి అడ్డం పెట్టి ఆపాను.

మర్నాడు ఫొటోలన్నీ డావిన్సీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేశాను, ఫ్రీ వెర్షనే. ముందు ఆ 42 తీసేస్తే, అప్పుడే బాగా తెరుచుకుంటున్న పువ్వు అక్కడ ఒక్కసారిగా ఎగిరింది. చేసేదేం లేక మళ్లీ పెట్టేశాను. ఇప్పుడు వీడియో మధ్యలో రెండు సెకన్లలోపు పసుపు వెలుగు, గాజుల చెయ్యి మెరిసి మాయమవుతాయి. పిన్నికి వాట్సాప్‌లో పంపితే, "ఆకు ఇచ్చింది నేను, చెయ్యి మాత్రం మీ అమ్మదా?" అంది.