చీమకుర్తి దుమ్ములో ఫ్యాన్ లేని కంప్యూటర్: మార్చి నుంచి జూన్ దాకా

2024 మార్చి 10

పాత కంప్యూటర్ ఫ్యాన్ మళ్లీ గరగరమంటోంది. ఆరేళ్లలో ఇది మూడో ఫ్యాన్. మాది చీమకుర్తి, ఇంటికి కాస్త దూరంలోనే రాయి కోసే ఫ్యాక్టరీలున్నాయి, ఉదయం తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. ఆ పొడినే ఫ్యాన్ లోపలికి లాగుతుంది, అది హీట్‌సింక్ (చిప్ వేడిని లాగే అల్యూమినియం దిమ్మ) రెక్కల మధ్య చేరుతుంది, తేమ తగిలితే సున్నం వేసినట్టు గట్టిపడుతుంది. మూత తీసి బ్రష్‌తో గీకినప్పుడల్లా రాలే పొడి చూస్తే ఫ్యాక్టరీలో నేను రాసే లెక్కల్లోకి దీన్ని కూడా ఎక్కించొచ్చనిపిస్తుంది.

ఫ్యాన్ మార్చడం 250 రూపాయల పని. కానీ అమ్మ హాల్లోనే పడుకుంటుంది, కంప్యూటరూ హాల్లోనే ఉంది, రాత్రి పదకొండు దాకా నేను నాన్న దాచిన హరికథల క్యాసెట్లను ఎమ్‌పీ3లు చేస్తుంటాను. "ఆ రైసు మిల్లు కట్టెయ్ నాయనా" అని రోజూ ఒకటే మాట. అందుకే ఈసారి ఫ్యాన్ కాదు, అసలు ఫ్యానే లేని మదర్‌బోర్డు. బడ్జెట్ పదిహేను వేలు, అందులోనే అన్నీ.

మార్చి 16

నా అవసరాలు ఇవి: లెక్కలు రాసే టాలీ నడవాలి, అంటే విండోస్ తప్పదు, కాబట్టి రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న లినక్స్ కంప్యూటర్లు మొదట్లోనే పక్కకు పోయాయి. క్యాసెట్ రికార్డింగ్, అప్పుడప్పుడూ పెళ్లి వీడియోలు చిన్న సైజుకి మార్చడం, మా పాపకి యూట్యూబ్ పాఠాలు. గేములు లేవు.

నెల్లూరులో బావ ఉన్నాడు, ట్రంకు రోడ్డులో ఒక షాపు బిల్లింగ్ కౌంటర్ నుంచి తీసేసిన, ఇంటెల్ జె1900 చిప్ ఉన్న బోర్డు ఉందని, 1,500 ఇస్తే చాలన్నాడు. ఫ్యాన్ లేదు, పెద్ద అల్యూమినియం దిమ్మ ఉంది, చూడ్డానికి ముద్దుగానే ఉంది. కానీ ఆ చిప్ 2013 నాటిది, పది వాట్లు. బిల్లులు కొట్టడానికి ఈరోజుకీ పనికొస్తుంది, ఇబ్బందల్లా వీడియోతోనే. ఇప్పుడు యూట్యూబ్ పంపే, వీపీ9 అనే పద్ధతిలో కుదించిన వీడియోని ఆ చిప్‌లోని గ్రాఫిక్స్ విప్పలేదు, మొత్తం భారం ప్రాసెసర్ మీద పడుతుంది, అప్పుడు వేడీ ఎక్కువే, వీడియో కూడా ఆగి ఆగి నడుస్తుంది. హెచ్.265 అనే ఇంకో రకం కూడా అంతే. పైగా దానికి తక్కువ వోల్టేజీ డీడీఆర్3 ల్యాప్‌టాప్ ర్యామ్ కావాలి, నా దగ్గరున్నది డెస్క్‌టాప్ డీడీఆర్4. ఫ్యాన్ లేని బోర్డు కొనేటప్పుడు ధర కన్నా ముందు చూడాల్సింది ఇదే అనిపించింది: ఏ వీడియో రకాల్ని చిప్ తనంతట తాను విప్పగలదు. అలా విప్పగలిగితే ప్రాసెసర్‌కి పని ఉండదు, పని లేకపోతే వేడి ఉండదు.

తర్వాతది జె4125 చిప్ ఉన్న బోర్డు. 2019లో వచ్చింది, నాలుగు కోర్లు, అదే పది వాట్లు. వీపీ9, హెచ్.265 రెండూ చేస్తుంది, ఏవీ1 అనే కొత్త రకం మాత్రం చేయదు. సెకండ్ హ్యాండ్‌లో అయిదారు వేలకి కనపడింది. నాకు నిజానికి ఇది చాలు. రెండు రోజులు దీని మీదే మనసు పోయింది.

ఆ తర్వాత ఎన్100. 2023 జనవరిలో వచ్చింది, ఆరు వాట్లని ఇంటెల్ చెప్తోంది, ఏవీ1 కూడా విప్పుతుంది, పనిలో జె4125ని బాగా వెనక్కి నెట్టేస్తుంది. ఆసుస్ ప్రైమ్ ఎన్100ఐ-డీ డీ4 అనే దానికి ల్యాప్‌టాప్ సైజు ర్యామ్, మామూలు 24 పిన్నుల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే డబ్బా) కావాలి. ఆస్‌రాక్ ఎన్100డీసీ-ఐటీఎక్స్‌కి డెస్క్‌టాప్ సైజు డీడీఆర్4, వెనక 19 వోల్టుల జాక్, అంటే ల్యాప్‌టాప్ అడాప్టరుతో నడుస్తుంది. రెండింటికీ ఫ్యాన్ లేదు.

ఎన్100 పెట్టిన డబ్బా కంప్యూటర్లు దాదాపు ఇదే ధరకి రెడీగా దొరుకుతున్నాయి కదా అని ఫ్యాక్టరీలో మావాడొకడు అడిగాడు. దొరుకుతాయి. వాటిలో ఎక్కువ వాటికి లోపల చిన్న ఫ్యాన్ ఉంటుంది, అది దోమలా సన్నగా కూస్తుంది. మా దుమ్ములో అది ఆరు నెలలు నడిస్తే గొప్ప.

మార్చి 24

19 వోల్టుల జాక్ ఉన్న దానికే ఓటు. కారణం బోర్డు గొప్పతనం కాదు, ఎస్‌ఎంపీఎస్. ఇది చాలామంది మర్చిపోతారు, నేనూ మర్చిపోయాను: ఫ్యాన్ లేని బోర్డు కొని దాన్ని మామూలు ఎస్‌ఎంపీఎస్‌కి తగిలిస్తే ఆ ఎస్‌ఎంపీఎస్‌లోని ఫ్యాన్ ఉండనే ఉంది. అదీ వద్దనుకుంటే 12 వోల్టుల అడాప్టరు, దానికి పికో పీఎస్‌యూ అనే ఫ్యాన్ లేని చిన్న కరెంటు ముక్క విడిగా కొనాలి, అదనంగా రెండు మూడు వేలు. ఇక్కడ ఆ గొడవ లేదు. పైగా పాత కంప్యూటర్‌లోని 8 జీబీ ర్యామ్ ముక్క నేరుగా ఇందులోకి వస్తుంది, పాత సాటా ఎస్‌ఎస్‌డీ కూడా.

బోర్డు 11,800 పడింది. ఒంగోలులో దొరకలేదు, ఆన్‌లైన్‌లోనే.

ఏప్రిల్ 7

వచ్చింది. ల్యాప్‌టాప్ చచ్చిపోయినా దాని అడాప్టరు అటక మీదుంది, 19 వోల్టులు, 65 వాట్లు, పిన్ను చూడ్డానికి సరిపోయింది. సరిపోయిందనే అనుకున్నా. బల్ల మీద చెయ్యి పెడితే చాలు రీస్టార్ట్. మొదట ర్యామ్ మీద అనుమానం, తీసి రబ్బరుతో తుడిచి పెట్టా, రెండో రోజు ఎస్‌ఎస్‌డీ కేబుల్ మార్చా, మూడో రోజు టెన్షన్ మొదలైంది, రిటర్న్ గడువు చూసుకున్నా. చివరికి పిన్నును వేలితో కదిపితే దొరికింది. బయటి వెడల్పు ఒకటేలా ఉన్నా లోపలి రంధ్రం అరమిల్లీమీటరు తేడా ఉన్న పిన్నులుంటాయి, వదులుగా కూర్చుని కరెంటు తెగుతూ ఉంటుంది. మాన్యువల్‌లో కొలత చూసి సరైన పిన్ను కొని అతికించుకున్నా, 60 రూపాయలు. పెట్టే ముందు మల్టీమీటరుతో లోపలిది ప్లస్సో కాదో చూడండి, తిరగబడితే బోర్డు పోతుంది.

ఏప్రిల్ 14

ఈ ఆదివారమంతా వేడి కొలవడమే. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను చదివిన రివ్యూలన్నీ "ఫుల్ లోడ్‌లో 60 డిగ్రీలే, అద్భుతం" అంటాయి. వాళ్ల గది 20, 22 డిగ్రీలు. మా హాల్లో ఏప్రిల్ మధ్యాహ్నం 33, మే నెలలో 38 దాటుతుంది. ఫ్యాన్ లేని హీట్‌సింక్ గది గాలిని ఆధారం చేసుకునే చల్లబడుతుంది కాబట్టి గది ఎంత పెరిగితే చిప్ కూడా దాదాపు అంతా పెరుగుతుంది. కాబట్టి 60 అని చదివితే మనం చూడాల్సింది 60 కాదు, గది మీద 38 ఎక్కువ అని. ఆ 38కి మన రోహిణి కార్తె కలుపుకోవాలి. నేను ఇకనుంచి అన్నీ "గది మీద ఎంత" అనే రాసుకుంటాను.

వీడియో మార్చే పని ఒక గంట పెట్టి చూశాను, సీలింగ్ ఫ్యాన్ ఆపి:

పాత క్యాబినెట్‌లో పడుకోబెట్టి, మూత వేస్తే గది మీద 55. అంటే 88 డిగ్రీలు. మూత తీస్తే 46. బోర్డుని నిలబెట్టి, హీట్‌సింక్ రెక్కలు కింద నుంచి పైకి ఉండేలా పెడితే 38. పైసా ఖర్చు లేకుండా 17 డిగ్రీలు తగ్గింది. వేడి గాలి పైకి పోతుంది, రెక్కలు అడ్డంగా ఉంటే దానికి దారి ఉండదు, పొయ్యి మీద పొగగొట్టం ఎందుకు నిలువుగా పెడతారో ఇక్కడా అంతే.

తర్వాత బయాస్‌లోకి, అంటే బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లాను. చిప్ ఆరు వాట్లదని అంటారు కానీ బోర్డు చేసేవాళ్లు ఆ హద్దుని తమకిష్టమైనట్టు పెంచుకోవచ్చు, నా దాంట్లో పీఎల్1 అనే ఆ వాట్ల హద్దు 10 దగ్గరుంది. దాన్ని 6 చేశాను. గది మీద 29కి దిగింది. 24 నిమిషాల్లో అయ్యే వీడియో 31 నిమిషాలు పట్టింది. ఆ ఏడు నిమిషాలు నాకు అక్కర్లేదు, టీ తాగొస్తా. టాలీలో, క్యాసెట్ పనిలో ఏ తేడా కనపడలేదు.

ఈ చిప్ 105 దాకా తట్టుకుంటుందని లెక్క, కాబట్టి 88 అయినా చావదు. నా భయం పక్కనున్న ఎస్‌ఎస్‌డీ గురించి, మామూలు ఎస్‌ఎస్‌డీలకి హద్దు 70. చిప్ చల్లగా ఉంటే చుట్టుపక్కలవీ చల్లగా ఉంటాయి.

గోడ దగ్గర మీటరు పెట్టి చూస్తే ఊరికే ఉన్నప్పుడు 9 వాట్లు. పాతది 55 తినేది. రోజుకి పది గంటలనుకుంటే నెలకి 16 యూనిట్లు పోయే చోట 3 లోపు.

ఏప్రిల్ 28

స్టాండు. ఫ్యాక్టరీలో గెలాక్సీ బ్లాక్ రాయి ముక్క ఒకటి, అడుగు చదరం, అంచు విరిగిందని పక్కన పడేశారు, అడిగి తెచ్చుకున్నా. పాలిష్ చేసిన వైపు ఆ బంగారు చుక్కలు, నల్ల రాయి, దాని ముందు బోర్డు, చూస్తే ఫొటో తియ్యాలనిపించింది. మనం గ్రానైట్ అంటాం గానీ భూగర్భ శాస్త్రం ప్రకారం ఇది గాబ్రో జాతి రాయి. నీళ్లు పోస్తూ డైమండ్ బిట్‌తో నాలుగు చిల్లులు వేయించా, బోర్డుని రాయికి ఎడంగా ఉంచే ఇత్తడి స్టాండాఫ్‌లు పెట్టి బిగించా. బోర్డు 17 సెంటీమీటర్ల చదరమే కాబట్టి చుట్టూ ఇంకా చోటుంది.

మేస్త్రీ ఒక ఐడియా ఇచ్చాడు, "రాయి చల్లగా ఉంటది గదా, ఆ అల్యూమినియం పీకేసి రాయినే చిప్‌కి ఆనించు" అని. నవ్వాను కానీ రాత్రి ఆలోచిస్తే అది తీసిపారేసే ప్రశ్న కాదు. చెయ్యి పెడితే రాయి చల్లగానే ఉంటుంది, బరువెక్కువ కాబట్టి చేతి వేడిని కాసేపు మింగుతుంది. అయితే మింగిన వేడిని అవతలికి పంపడంలో అల్యూమినియం ముందు రాయి దేనికీ పనికిరాదు, తేడా రెండు మూడు రెట్లు కాదు, డెబ్బై ఎనభై రెట్లు. చిప్ కింద ఉన్న చోటే కాలిపోతూ ఉంటుంది, మిగతా రాయి చల్లగానే ఉంటుంది. కాబట్టి రాయి స్టాండు వరకే.

మే 5

ఎన్నికల ప్రచారం. వీధిలో ఆటోల మీద మైకులు, ఈ వారం నిశ్శబ్దం గురించి రాయడానికేం లేదు.

మే 12

రేపు పోలింగ్, మైకులు ఆగాయి. రాత్రి పదింటికి సీలింగ్ ఫ్యాన్ కూడా ఆపి విన్నాను. కంప్యూటర్ నుంచి ఏమీ లేదు అనుకుంటుండగా టిక్, టిక్. క్యాసెట్లు దాచే పాత రెండున్నర అంగుళాల హార్డ్ డిస్క్. ఇన్నాళ్లూ ఫ్యాన్ మోతలో అది వినపడలేదు. సైకిల్ ట్యూబు కోసి రెండు పట్టీలు చేసి, వాటి మీద దాన్ని ఊయలలా వేలాడదీశా. రాయికి తగలకుండా. చెవి పెడితే తప్ప వినపడట్లేదు.

నిజం చెప్పాలంటే మా ఇంట్లో ఏడాదిలో తొమ్మిది నెలలు సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంది, వేసవిలో కూలర్ కూడా, దాని ముందు ఏ కంప్యూటర్ మోతా లెక్కలోకి రాదు. ఈ నిశ్శబ్దం సంక్రాంతి రోజుల్లోనే పూర్తిగా అనుభవించగలను. అయినా మే 12న అరగంట అనుభవించాను.

ఆ సీలింగ్ ఫ్యానే మళ్లీ సాయం కూడా. అది తిరుగుతుంటే గది మీద 29 కాస్తా 20కి వస్తోంది. ఫ్యాన్ లేని కంప్యూటర్ అని గొప్పలు చెప్పుకుంటున్నా గానీ ఫ్యాన్ ఉంది, మూడు రెక్కల పాత ఉషా కంపెనీది, ఏళ్లుగా ఇంటికప్పుకి వేలాడుతోంది.

మే 19

బల్లి. తెరిచిన బోర్డు గురించి నాకెవరూ చెప్పని ప్రమాదం ఇది. చలికాలంలో అయితే వెచ్చదనానికి వచ్చి ఎక్కడ పడుకునేదో, ఇప్పుడు పురుగుల కోసం వచ్చింది, ర్యామ్ మీద కూర్చుని నావైపు చూస్తోంది. కరెంటు తీసి చీపురుతో తోలాను. ఆ సాయంత్రమే కిటికీకి కొట్టే ప్లాస్టిక్ దోమల మెష్ ఒక గజం తెచ్చి నాలుగు పక్కలా గూడులా కుట్టాను. గది మీద 3 డిగ్రీలు పెరిగింది, పెరగనీ. ఆదివారాలు మెష్ తీసి పెయింటు బ్రష్‌తో ఒకసారి దులుపుతున్నా, నిలువుగా ఉండటం వల్ల పొడి ముందులా పేరుకోవట్లేదు, వేలితో గీస్తే చార పడేంత, అంతే.

మే 27

రోహిణి కార్తె వచ్చి రెండు రోజులు. మధ్యాహ్నం రెండున్నరకి హాల్లో 39. సీలింగ్ ఫ్యాన్ ఆపి గంట పరీక్ష పెట్టాను, నా లెక్క ప్రకారం 39కి 32 కలిపితే 71 రావాలి. 72 వచ్చింది. సంతోషంతో వెనక్కి తిరిగితే అమ్మ, పాప ఇద్దరూ చెమటలతో నన్ను చూస్తున్నారు. "రోహిణి కార్తెలో ఫ్యాను ఆపేది ఏందిరా" అంది అమ్మ. వేశాను.

జూన్ 2

అయిదు రోజులుగా పొద్దున లేస్తే కంప్యూటర్ ఆగిపోయి ఉంటోంది. రాత్రి బ్యాకప్ సగంలో పోతోంది. మళ్లీ పిన్ను అనుకున్నా, కదిపి చూశా, గట్టిగానే ఉంది. వేడికి ఆగిందేమోనని, చిప్ వేడి రాసిపెట్టే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాంలో చూస్తే 58 దాటలేదు. నిన్న రాత్రి మేలుకుని కూర్చున్నా. పదకొండున్నరకి అమ్మ లేచి, మంచినీళ్లు తాగి, వస్తూ వస్తూ గోడ మీద స్విచ్ తీసేసి పడుకుంది. అడిగితే "కట్టేసే ఉందిగా, స్విచ్ ఎందుకు దండగని" అంది. మోత లేదు కాబట్టి ఆగి ఉందనుకుంది. రైసు మిల్లు ఉన్నన్నాళ్లూ ఈ బాధ లేదు.

బోర్డులో పవర్ లైట్ కోసం రెండు పిన్నులుంటాయి, పాత క్యాబినెట్ నుంచి నీలం లైటు తీసి వాటికి తగిలించి, లైటు వెలిగితే నడుస్తున్నట్టని చెప్పాను.

జూన్ 5

అమ్మ స్విచ్ తియ్యలేదు. బ్యాకప్ పూర్తయింది. కానీ రాత్రి అత్యధికం 84 అని ఉంది, ఇంతవరకూ రాత్రిపూట ఎప్పుడూ లేనంత. వెళ్లి చూస్తే మెష్ గూడు మొత్తం కప్పేలా తువ్వాలు వేసి ఉంది, ఆ నీలం లైటు కళ్లలో పడి నిద్ర పట్టట్లేదంట. లైటు తీసేసి చిన్న ఎర్రది పెట్టాను, గోడ వైపు తిప్పి.