వియ్యంకుల గుమ్మడి తోటలో పది రోజులు

వియ్యంకుల ఇంటికి మొదటిసారి వెళ్తే మనవైపు ఏం జరుగుతుందో మీకు తెలుసు. కాళ్లకు నీళ్లిస్తారు, ఫ్యాన్ కింద కుర్చీ వేస్తారు, "ప్రయాణం బాగా జరిగిందా వదినగారూ" అంటూ కాఫీ గ్లాసు చేతికిస్తారు. మా వియ్యపురాలు నా చేతికి ఒక జత గ్లవ్స్ ఇచ్చింది. కారు దిగి అరగంట కూడా కాలేదు.

మా అమ్మాయి చేసుకున్నది అమెరికా అబ్బాయిని. అతని అమ్మానాన్నలకు ఇల్లినాయ్ రాష్ట్రం మధ్యలో, పియోరియాకి దగ్గర్లో, గుమ్మడి తోట ఉంది. పెళ్లికి వాళ్లు విజయవాడ వచ్చినప్పుడు మేం చేసిన మర్యాదలు ఇప్పటికీ మా చుట్టాల్లో చెప్పుకుంటారు. పట్టుచీర దగ్గర్నుంచి కాజాల డబ్బా దాకా దేనికీ లోటు చేయలేదు. అందుకే "అక్టోబరులో వచ్చి పది రోజులు ఉండండి, మాకూ కాస్త సాయంగా ఉంటుంది" అని ఆవిడ ఫోన్లో అన్నప్పుడు ఆ రెండో ముక్క మాటవరసకి అనుకున్నాను. అది మాటవరసకి కాదు.

"అమ్మా, నీది విజిటర్ వీసా. ఏదో సరదాకి చెయ్యి వెయ్యి, ఒక్క డాలరు ఇచ్చినా తీసుకోకు" అని మా అమ్మాయి దారి పొడుగునా టెన్షన్ పడుతూనే ఉంది. డబ్బులిస్తారనే ఆలోచన నాకు అసలు రాలేదు. చీర పెడతారనే అనుకున్నాను. మా ఆయన మాత్రం మోకాళ్ల నొప్పులని చెప్పి, షికాగో దగ్గరున్న నేపర్‌విల్‌లోనే టీవీ ముందు ఉండిపోయారు. ఆయన దూరదృష్టి తర్వాత అర్థమైంది.

నేపర్‌విల్ నుంచి ఐ-55 హైవే మీద బ్లూమింగ్టన్, అక్కడ ఐ-74 పట్టుకుంటే రెండున్నర గంటల లోపే. దారంతా కోతకొచ్చిన మొక్కజొన్న, సోయా. దారిలో పెట్రోలు బంకులో కాఫీ మూడు డాలర్లు. 84తో గుణించి చూసుకున్నాక తాగబుద్ధి కాలేదు గానీ, అప్పటికే కొనేశారు. చివర్లో మోర్టన్ అనే ఊరు వస్తుంది. ప్రపంచ గుమ్మడి రాజధాని అని తనే బోర్డు పెట్టుకున్న ఊరు. లిబ్బీస్ కంపెనీ వాళ్ల గుమ్మడి గుజ్జు ఫ్యాక్టరీ అక్కడే ఉంది. అమెరికాలో టిన్నుల్లో అమ్మే గుమ్మడి గుజ్జులో చాలా భాగం ఈ చుట్టుపక్కల పండిందేనట. అల్లుడు చెప్తుంటే ఊఁ కొట్టాను గానీ పెద్దగా పట్టించుకోలేదు. ఆ టిన్నుల సంగతి మళ్లీ వస్తుంది.

తోట చూశాక మాత్రం కోపం కాసేపు మర్చిపోయాను. మా చిన్నప్పుడు గుమ్మడి అంటే పశువుల పాక మీదకి పాకించిన ఒక్క పాదు. దానికి ఏడెనిమిది కాయలు కాస్తే ఊరంతా పంచేవాళ్లం. ఇక్కడ ఎనిమిది ఎకరాలు. ఆకులన్నీ బూడిద తెగులు పట్టి, ఎండి నేలకి అతుక్కుపోయాయి. వాటి మధ్య కాయలు ఎవరో పనిగట్టుకుని పేర్చినట్టు నారింజ రంగులో మెరుస్తున్నాయి. అక్కడక్కడా ఇంకా పూలున్నాయి. నేను వంగి ఒక పువ్వు కోశాను, పిందె లేనిదే చూసి. సంక్రాంతికి గొబ్బెమ్మల్లో పెట్టడానికి మా నాయనమ్మ పంపేటప్పుడు చెప్పేది, పిందె ఉన్న పువ్వు కోస్తే కాయని చంపినట్టేనని. వియ్యంకుడుగారు అది చూసి తల ఊపారు. ఆయన ఎక్కువ మాట్లాడరు. నేను అన్నయ్యగారూ అని పిలుస్తానని, అదేమిటో మా అమ్మాయి ఆయనకి వివరించింది. ఆయన మాత్రం నన్ను పేరు పెట్టే పిలిచారు. మా పుట్టింటి అన్నయ్యలూ పేరు పెట్టే పిలుస్తారు కాబట్టి సరిపెట్టుకున్నాను.

శుక్రవారం కోత. తీగ మీద నూగుముళ్లుంటాయి, ఉత్త చేతులతో పట్టుకుంటే గంటకల్లా దురద. గ్లవ్స్ ఎందుకిచ్చిందో అప్పుడు తెలిసింది. బొటనవేలి గోరు కాయకి గుచ్చి చూడాలి, దిగకపోతే ముదిరినట్టు. ఈ గోరు పరీక్ష మా నాయనమ్మదే. వియ్యంకుడుగారు అదే వేలితో అలాగే చేస్తుంటే నవ్వొచ్చింది. తర్వాత పెద్ద కత్తెరతో, జానెడుకి తక్కువగా తొడిమ ఉంచి కోయాలి. అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఈ తొడిమే. తొడిమ పట్టుకుని కాయని ఎత్తకూడదు. అది విరిగిందా, ఆ గాయంలోంచి కుళ్లు మొదలవుతుంది. కుళ్లకపోయినా తొడిమ లేని కాయని ఎవరూ కొనరట. తలపాగా లేని పెళ్లికొడుకు లాగా ఉంటుంది కాబోలు. కింద చెయ్యి పెట్టి, పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తాలి. ఒక్కో పిల్ల తొమ్మిది, పది కిలోలు.

ఆ రాత్రి పడుకుని రెండు భుజాలూ తడుముకుంటూ మూలుగుతుంటే మా అమ్మాయి తలుపు దగ్గర నిలబడి, "గుమ్మడికాయల దొంగ ఎవరంటే..." అని మొదలుపెట్టింది. దిండు విసిరాను.

ఇక శనివారం. 2024లో విజయదశమి అక్టోబరు 12, అదే శనివారం. అక్టోబరు చివర్లో వచ్చే హాలోవీన్ పండగ ముందు వాళ్లకి ఇలాంటి శనివారాలు మూడో నాలుగో ఉంటాయి, ఏడాది సంపాదన అంతా వాటి మీదే. పొద్దున్నే లేచి తలస్నానం చేసి, ట్రాక్టరుకి పసుపు కుంకుమ పెట్టి, "దిష్టి తీయడానికి ఒక గుమ్మడికాయ కావాలి అన్నయ్యగారూ" అన్నాను. ఆయన ఒక పగిలిన కాయ తెచ్చారు. పగిలింది పనికిరాదన్నాను. ఒకవైపు మెత్తబడింది తెచ్చారు. అదీ కాదన్నాను. ఎలాగూ నేలకేసి కొట్టేదానికి మంచి కాయ ఎందుకని ఆయన సందేహం. ఆలోచిస్తే న్యాయమే, కానీ ఆయన పండించినదాన్ని దేవుడికిచ్చేటప్పుడు ఏరిన చెత్త ఇవ్వమని ఎలా చెప్తాను? చివరికి బల్ల మీద అమ్మకానికి పెట్టిన వాటిలోంచి పెద్దదే ఒకటి ఎత్తి ఇచ్చారు. దాని వెల పన్నెండు డాలర్లు, అంటే వెయ్యి రూపాయల దిష్టి. పైన కర్పూరం వెలిగించి, ట్రాక్టరు చుట్టూ మూడుసార్లు తిప్పి, ముందు టైరు దగ్గర కొట్టాను. అప్పుడే గేటు తీశారు. మొదటి కార్లోంచి దిగిన ముగ్గురు పిల్లలు అది చూసి, తామూ కొడతామని వాళ్ల అమ్మ ప్రాణం తీశారు.

నన్ను తూకం బల్ల దగ్గర నిలబెట్టారు. ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నదాన్ని, నోట్లు లెక్కపెట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. కాయ పౌండు, అంటే అర కిలోకి కాస్త తక్కువ, అరవై సెంట్లు. ట్రాక్టరు వెనక బండిలో గడ్డి మోపుల మీద కూర్చుని తోటలోకి వెళ్లడానికి మనిషికి నాలుగు డాలర్లు. మొక్కజొన్న చేలో వంకరటింకర దారులు కోసి, అందులో దారి తప్పడానికి పది డాలర్లు. పొలానికొచ్చి, తామే కాయ కోసుకుని, తామే మోసుకుని, పైగా డబ్బులు కట్టి వెళ్తున్నారు! మా నాన్న చూస్తే ఆ రాత్రి నిద్రపోయేవాడు కాదు. కోత కూలీల కోసం తెల్లవారుజామున పక్క ఊరికి సైకిలు వేసుకుని వెళ్లేవాడు ఆయన.

వచ్చినవాళ్లందరూ కాయని తొడిమ పట్టుకునే ఎత్తేవాళ్లు. పెద్దాళ్లు, పిల్లలు, చదువుకున్నవాళ్లు, అందరూ. "దయచేసి తొడిమ పట్టుకుని ఎత్తకండి" అని ఇంగ్లీషులో ఎన్నిసార్లన్నానో లెక్కలేదు. మధ్యాహ్నానికి "దయచేసి" రాలిపోయింది.

ఒకావిడ నాలుగు కాయలు కొంది. వీటితో ఏం వండుతారని అడిగాను. ఆవిడ నన్ను అదోలా చూసింది. వండరట. కళ్లు, ముక్కు, పళ్లు చెక్కి, లోపల దీపం పెట్టి, వరండాలో ఉంచుతారట. తర్వాత? తర్వాత పారేస్తారు. ఆ తర్వాత కొన్నవాళ్లని ఒక్కొక్కళ్లనీ అదే అడిగాను. పాతికమందిలో ఒక్కరు గింజలు వేయిస్తామన్నారు. అంతే. నాకు కడుపు మండింది. నేపర్‌విల్‌లో మన షాపులో ఒక్క గుమ్మడి ముక్క కొనడానికి ధర చూసి వెనకాడే మనిషిని నేను. ఎనిమిది ఎకరాల కాయలు, ఒక్కటీ గిన్నెలోకి వెళ్లదు. మిగిలినవి నవంబరు ఒకటి తర్వాత పక్క రైతు పశువులకు వేస్తాడని వియ్యపురాలు చెప్పింది. పశువులకైనా రుచి తెలుసన్నమాట అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు గానీ మొహంలో కనబడే ఉంటుంది.

ఆ సాయంత్రం అందరం అలిసిపోయి ఉన్నాం, అయినా నేను వంట చేస్తానన్నాను. వంట కాదు అది, పాఠం చెప్పాలని. చింతపండు, బెల్లం, ఇంగువ, ఎండుమిర్చి లేకుండా నేను జిల్లా దాటను. బల్ల మీద నుంచి అందమైన నారింజ కాయ ఒకటి తెచ్చి దప్పళం పెట్టాను. పండగ పూట కాబట్టి గారెలు కూడా వేశాను. ఈ దేశం వాళ్లకి గుమ్మడికాయ అంటే ఏమిటో ఇవాళ తెలుస్తుంది అనుకుంటూ మూత తీశాను.

నీళ్లు. ముక్కలు కరిగి పీచుపీచుగా తేలుతున్నాయి. రుచి చూస్తే చింతపండు తెలుస్తోంది, బెల్లం తెలుస్తోంది, ఇంగువ తెలుస్తోంది, గుమ్మడికాయ ఎక్కడుందో తెలియలేదు. మరో అచ్చు బెల్లం వేశాను. పాకం చెడ్డ కషాయం అయింది. వియ్యంకుడుగారు మాట్లాడకుండా తిన్నారు. గారెలు ఏడు తిన్నారు, దప్పళం గరిటెడు.

వియ్యపురాలు గిన్నెలోకి ఒకసారి చూసి, టార్చి లైటు తీసుకుని బయటికి వెళ్లింది. పశువుల కొట్టం వెనకనుంచి ఒక కాయ చంకలో పెట్టుకుని వచ్చింది. సొరకాయ బుర్రలా పొడుగ్గా, లేత గోధుమ రంగులో, చూడ్డానికి ఏమీ బాగోలేదు. "తినడానికి పెంచేది ఇది. దాన్ని చెక్కడానికి పెంచుతాం" అంది. దానికి తొందరగా కుళ్లని పెంకు కావాలి, నిలబడే అడుగు కావాలి, గట్టి తొడిమ కావాలి, రుచి అక్కర్లేదు. రుచి అంతా ఇందులో ఉంటుంది. డికిన్సన్ అంటారట. మోర్టన్ ఫ్యాక్టరీలో టిన్నుల్లోకి వెళ్లేది ఇదే రకం. ఇంట్లో "పై" అనే గుమ్మడి తీపి వంటకం చేసుకోవడానికి నాలుగు పాదులు ఆవిడ వేరుగా వేసుకుంటుంది. పొద్దున్నుంచీ నేను ఎవరెవర్ని ఏమేం అడిగానో ఆవిడ వింటూనే ఉంది మరి. అప్పుడే చెప్పొచ్చుగా అని ఒళ్లు మండింది. చెప్తే వినేదాన్నా అంటే, అదీ లేదు.

కోస్తే లోపల ముదురు నారింజ, పీచు లేదు, ఆ వాసన మా పాక కింద వాసనే. అల్లుడు ఫోన్లో చూసి చెప్పాడు, మన ఊళ్లలో పండే తీపి గుమ్మడీ ఇదీ ఒకే జాతి, కుకుర్బిటా మస్కాటా. చెక్కుడు కాయలు వేరే, కుకుర్బిటా పెపో. అసలు గుమ్మడి పుట్టిందే అమెరికా ఖండంలోనట, మనకి తర్వాత వచ్చిందట. ఇది విని కాసేపు మింగుడుపడలేదు. మిరపకాయ కూడా అక్కడిదేనని తెలిసినప్పుడు కూడా ఇలాగే అయింది. "బూడిద గుమ్మడి మాత్రం ఆసియాదే అత్తయ్యగారూ" అని అల్లుడు నన్ను ఓదార్చాడు. ఆ పిలుపు మా అమ్మాయి నేర్పింది. "గారూ" మీద కొంచెం ఎక్కువ నొక్కుతాడు.

ఆదివారం మళ్లీ దప్పళం పెట్టాను. దాని గురించి ఎక్కువ చెప్పను. వియ్యంకుడుగారు అన్నంలోకి కాదు, గ్లాసులో పోసుకుని తాగారు. వియ్యపురాలు ఎన్ని ఎండుమిర్చి వేశానో లెక్క రాసుకుంది. నేను ఆవిడ ఆ గుమ్మడి "పై" ఎలా చేస్తుందో చూశాను గానీ రాసుకోలేదు, దాల్చినచెక్క వాసన తప్ప ఇంకేమీ తెలియడం లేదు దాన్లో.

మిగతా రోజులు ఇలాగే గడిచాయి. ఒక రాత్రి మంచు పడి ఉదయానికి పాదులన్నీ నల్లబడ్డాయి. ఒక రోజు వాన వచ్చి ఎవరూ రాలేదు, ఆ రోజు మేం ఇద్దరం కొట్టంలో కూర్చుని కాయల మట్టి తుడుస్తూ పెళ్లిలో విజయవాడ ఎండకి ఆవిడ ఎలా స్పృహ తప్పబోయిందో చెప్పుకుని నవ్వుకున్నాం. పట్టుచీర బరువుకేనట. ఆ సంగతి ఇన్నాళ్లూ మాకు ఎవరూ చెప్పలేదు.

వచ్చేటప్పుడు ఆవిడ కారు డిక్కీలో ఐదు డికిన్సన్ కాయలు పెట్టింది. గ్లవ్స్ తిరిగి ఇవ్వబోతే ఉంచుకోమంది.

నేపర్‌విల్‌లో మా ఆయన గుమ్మంలోకి వచ్చి, "ఏం పెట్టారు వియ్యాలవారు?" అన్నారు. డిక్కీ చూపించాను. ఐదు కాయలనీ కాసేపు చూసి, "ఇవేనా?" అంటూ ఒకదాన్ని తొడిమ పట్టుకుని పైకి లాగారు.

వీధి చివర కుక్కని తిప్పుతున్నాయన కూడా ఆగి చూసేటంత గట్టిగా, ఇంగ్లీషులో, అరిచాను.