అనంతపురం ఎండలో పాత సీ220: మొదటి మూడు నెలల లెక్క

ఫిబ్రవరి 18

బెంగళూరు నుంచి పాత మెర్సిడెస్ కారు తెచ్చుకుంటూ మరూరు టోల్ దగ్గర ఆగాను. మళ్లీ కదిలితే బండి లేవలేదు. ఎంత తొక్కినా ఇంజిన్ అరుపే తప్ప వేగం లేదు. గేరు రెండులోనే ఇరుక్కుంది. పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, రెండు నిమిషాలాగి స్టార్ట్ చేస్తే మళ్లీ మామూలుగా నడిచింది. ఇంటికి వచ్చేశాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బండి 2010 మెర్సిడెస్ సీ220 సీడీఐ. డబ్ల్యూ204 అనే తరం, 2.1 లీటర్ల డీజిల్ ఇంజిన్, ఐదు గేర్ల ఆటోమేటిక్. మీటరు మీద 1,12,400 కిలోమీటర్లు. నాకు చాలా ఏళ్ల కోరిక ఇది. కొనేముందు ఇంజిన్ చూశాను, బాడీ చూశాను, అడుగున తుప్పు చూశాను. గంటసేపు నడిపాను కూడా. గంటలో బయటపడని జబ్బులు ఉంటాయి.

ఫిబ్రవరి 24

రెండు చోట్ల చూపించాను. మొదటి చోట బండి కంప్యూటర్లను చదివే స్కానర్ పెట్టగానే 17 ఎర్రర్లు వచ్చాయి: ఏబీఎస్ (బ్రేకులది), ఎయిర్‌బ్యాగ్, గేర్‌బాక్స్, కిటికీ మోటారు, అన్నీ. ఆ జాబితా చూపించి గేర్‌బాక్స్ దించాలి, 1,80,000 అవుతుందన్నారు. అడుగున పడుకుని చూసినవాళ్లు ఎవరూ లేరు. టెన్షన్‌తో అక్కడి నుంచి వచ్చేశాను.

రెండో చోటు ఊరి చివర చిన్న షెడ్డు. అక్కడి భాయ్ పాత జర్మన్ బండ్ల మీద చాలాకాలంగా పనిచేస్తున్నారు. ఆయన స్కానర్ కంటే ముందు వోల్టులు కొలిచే మల్టీమీటరు తీశారు. రాత్రంతా ఆగిన బండి, బ్యాటరీ మీద 12.05 వోల్టులు.

"అన్నా, ఇది సగం పైనే ఖాళీ అయిన బ్యాటరీ. ఈ బండ్లలో కరెంటు తగ్గితే ప్రతి కంప్యూటరూ ఏదో ఒకటి చెప్తుంది. ముందు దీన్ని నింపుదాం. ఎర్రర్లు తుడిచేద్దాం. మళ్లీ ఏది వస్తుందో అదే నిజం."

ఈ మూడు నెలల్లో నేను నేర్చుకున్నదంతా ఆ మాటలోనే ఉంది. నిండిన బ్యాటరీ మీద 12.6 ఉండాలి. 12.2 అంటే సగం. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ బాగున్నట్టు. నాది 14.1 చూపించింది. అంటే చార్జింగ్ బాగానే ఉంది, రాత్రిపూట ఏదో తాగేస్తోంది.

రాత్రంతా చార్జర్ పెట్టి, ఎర్రర్లు తుడిచి, మూడు రోజులు నడిపాం. 17లో మిగిలినవి రెండు. ఒకటి గేర్‌బాక్స్ స్పీడ్ సెన్సార్‌ది, ఇంకోటి కిటికీది. మిగతా 15 మళ్లీ రాలేదు.

మార్చి 3

కరెంటు ఎక్కడ పోతోందో వెతికిన రోజు. ఇది ఇంట్లోనే చేసుకోవచ్చు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

బానెట్ తెరిచి, బానెట్ లాక్‌ను స్క్రూడ్రైవర్‌తో మూసినట్టు నొక్కి పెట్టాను. లేకపోతే బండి ఇంకా తెరిచే ఉందనుకుంటుంది. తాళంచెవి బండికి దూరంగా ఇంట్లో పెట్టాను. బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి, ఆ తీగకూ టెర్మినల్‌కూ మధ్య మీటరు పెట్టాను, 10 ఆంపియర్ల సాకెట్‌లో. ఈ దశలో తలుపు తీసినా, ఇంజిన్ స్టార్ట్ చేసినా మీటరు ఫ్యూజు పోవచ్చు. అరగంట ఆగాలి. బండిలోని కంప్యూటర్లు ఒక్కొక్కటిగా నిద్రపోతాయి, అంకె మెల్లగా దిగుతుంది. 50 మిల్లీ ఆంపియర్ల లోపు దిగితే మంచిది. నాది 420 దగ్గర ఆగిపోయింది. లెక్క వేస్తే రోజుకు 10 ఆంపియర్ అవర్లు. వారం రోజులు కదలకపోతే నిండు బ్యాటరీ కూడా ఖాళీ అయిపోతుంది.

తర్వాత ఒక్కొక్క ఫ్యూజు పీకి చూశాను. ఏది పీకినా అంకె మారలేదు. గంటన్నర పోయింది. చివరికి డిక్కీలో కార్పెట్ ఎత్తితే, పాత ఓనరు పెట్టించిన సబ్‌వూఫర్ ఆంప్లిఫయర్ చేతికి వెచ్చగా తగిలింది. బండి ఆపి మూడు గంటలైంది, అది ఇంకా మేలుకునే ఉంది! దాన్ని ఆన్ చేసే సన్న తీగను మ్యూజిక్ సిస్టమ్‌కు కాకుండా నేరుగా బ్యాటరీ ప్లస్‌కు కలిపేశారు. దాని పెద్ద తీగ కూడా బండి ఫ్యూజు బాక్సు గుండా పోవడం లేదు, అందుకే ఫ్యూజులు పీకినా దొరకలేదు. తీగ తీయగానే మీటరు 30కి పడింది. మా అమ్మ టిఫిన్‌కు పిలుస్తున్నా అక్కడే నిలబడి ఆ 30ని చూస్తూ ఉండిపోయాను.

ఆంప్లిఫయర్ పూర్తిగా పీకేశాను. బ్యాటరీ కొత్తది వేయించాను, పాతదాంట్లో ఇక ప్రాణం లేదు.

మార్చి 10

గేర్‌బాక్స్ సంగతి. ఈ ఐదు గేర్ల పెట్టెను 722.6 అంటారు. ఏదైనా తేడా వస్తే తనను తాను కాపాడుకోవడానికి రెండో గేరులో ఆగిపోవడం దీని పద్ధతి. టోల్ దగ్గర జరిగింది అదే.

బండిని పైకెత్తి చూస్తే గేర్‌బాక్స్ పక్కన వేడి తగలకుండా పెట్టే రేకు కింద ఆయిల్ తడి కనిపించింది. అక్కడ 13 పిన్నుల ప్లగ్ ఒకటి గేర్‌బాక్స్ లోపలికి పోతుంది. అది కూర్చునే ప్లాస్టిక్ అడాప్టర్‌కు రెండు ఓ-రింగులు (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు వలయాలు) ఉంటాయి. పద్నాలుగేళ్ల వేడికి అవి గట్టిపడి, ఆయిల్ ప్లగ్ లోపలికి చెమ్మలా పాకింది. ఆ ఆయిల్ తీగల లోపలి నుంచి పైకి ఎగబాకి గేర్‌బాక్స్‌ను నడిపే కంప్యూటర్, అంటే కంట్రోల్ యూనిట్ దాకా పోగలదు. అక్కడిదాకా పోతే ఖర్చు వేరు. మేం ఆ చివర ప్లగ్ కూడా పీకి చూశాం. పొడిగా ఉంది. భాయ్ చెయ్యి పట్టుకుని ఊపేశాను.

మార్పించినవి: అడాప్టర్ ఓ-రింగులతో సహా, ఆయిల్ పాన్ గాస్కెట్, గేర్‌బాక్స్ ఫిల్టర్, ఆయిల్. అడాప్టర్‌ను పట్టి ఉంచేది మధ్యలో ఒకే ఒక 7 మిల్లీమీటర్ల బోల్టు. ప్లాస్టిక్ కాబట్టి ఎక్కువ బిగించకూడదు. పాన్ దించగానే అయస్కాంతం చూడండి. సన్నని బూడిదరంగు ముద్ద ఉంటే భయం లేదు, క్లచ్ ప్లేట్లు అరిగేది అలాగే. లోహపు ముక్కలు, రజను తళుక్కుమంటే భయపడాలి. నాదాంట్లో ముద్దే ఉంది.

ఈ గేర్‌బాక్స్‌కు ఆయిల్ కొలిచే పుల్ల ఉండదు, గొట్టం ఒక్కటే ఉంటుంది. పుల్ల మెకానిక్ దగ్గర విడిగా ఉండాలి. ఆయిల్ 80 డిగ్రీలకు వేడెక్కాక, ఇంజిన్ నడుస్తుండగా కొలవాలి. చల్లగా ఉన్నప్పుడు కొలిచి నింపితే వేడెక్కాక ఎక్కువైపోతుంది. భాయ్ స్కానర్‌లో ఉష్ణోగ్రత చూస్తూ చివరి అరలీటరు కొద్దికొద్దిగా పోశారు. మొత్తం ఖర్చు కూలీతో 14,200. 1,80,000తో పోల్చి చూసుకోండి.

ఇది చేసినా అదే ఎర్రర్ తిరిగి వస్తే లోపలున్న కండక్టర్ ప్లేటు మార్చాలి, స్పీడ్ సెన్సార్లు దాని మీదే ఉంటాయి. నాకు ఆ అవసరం రాలేదు.

మార్చి 17

టైర్లు. 205/55 ఆర్16. గాడులు లోతుగా ఉన్నాయని కొనేటప్పుడు సంతోషించాను. పక్కగోడ మీద నాలుగు అంకెలు చూస్తే 2316, అంటే 2016లో 23వ వారం. దాదాపు ఎనిమిదేళ్లు. గాడుల మధ్య సన్నని పగుళ్లు. మే నెలలో హైవే మీద వీటితో పోవడం ప్రాణాలతో చెలగాటం. నాలుగూ మార్చాను. ఈ బండికి చక్రాలకు నట్లు కాదు, బోల్టులు. 130 న్యూటన్ మీటర్లకు బిగించాలి. టైర్ షాపులో గన్‌తో కొట్టి వదిలేశారు, ఇంటికొచ్చి టార్క్ రెంచితో వదులుచేసి మళ్లీ బిగించుకున్నాను.

గాలి మాత్రం పొద్దున్నే, బండి కదలకముందే చూసుకోండి. మధ్యాహ్నం రెండు గంటల తారురోడ్డు మీద తిరిగొచ్చాక చూస్తే ఎక్కువ చూపిస్తుంది, తీసేస్తే మర్నాటికి తక్కువైపోతుంది.

మార్చి 31

కూలెంట్ ట్యాంకు మూత తీస్తే లోపల అంచు చుట్టూ తెల్లపొర. మన ఊళ్లో పుట్టినవాళ్లెవరికైనా అదేమిటో చెప్పక్కర్లేదు. గీజర్ రాడ్డు మీద, బకెట్ల అడుగున పేరుకునేది అదే. ఎవరో ఎప్పుడో బోరునీళ్లు పోశారు. మన జిల్లా బోరునీళ్లలో ఫ్లోరైడ్ సంగతి పక్కనపెడితే, వాటి గట్టితనమే రేడియేటర్ సన్నగొట్టాలకు చాలు. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు.

రెండుసార్లు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, కంపెనీ చెప్పిన రకం కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోశాం. అంతకుముందు ట్రాఫిక్‌లో ఏసీ వేస్తే స్కానర్‌లో 104 దాకా పోయేది. ఇప్పుడు క్లాక్ టవర్ దగ్గర పావుగంట ఇరుక్కున్నా 95 దాటలేదు. డిక్కీలో రెండు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ పెట్టుకున్నాను, దారిలో ఎవరూ కుళాయి నీళ్లు పోయకుండా.

ఏప్రిల్ 9, ఉగాది

పూజ చేయించాం. నాయన నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. బండి కొన్నప్పుడు "పాత బండికి ఇంత డబ్బా" అని రెండురోజులు మాట్లాడలేదు ఆయన. ఈరోజు ముందుసీట్లో కూర్చుని, తలుపు మెల్లగా వేసి, ఆ శబ్దం విని ఇంకోసారి తీసి వేశారు.

ఏప్రిల్ 20

ఏసీ. బయట 41 డిగ్రీలు, లోపల గాలి చల్లగా లేదు. గ్యాస్ పట్టించమన్నారు అందరూ. ముందు ధారాళంగా గాలి వస్తోందా అని చూశాను. ఎడమవైపు ముందుసీటు కాళ్ల దగ్గర, పైన ఉన్న కవరు తీస్తే క్యాబిన్ ఫిల్టర్. ఎర్రటి దుమ్ము, వేపాకులు, పురుగులు. 850 పెట్టి కొత్తది వేశాను. ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్‌ను తక్కువ ప్రెషర్ నీళ్లతో కడిగాను. ఎక్కువ ప్రెషర్ పెడితే సన్నని రెక్కలు వంగిపోతాయి. లోపల ఏసీ గాలి వచ్చే చోట మామూలు థర్మామీటరు పెడితే 16 నుంచి 9 డిగ్రీలకు దిగింది. గ్యాస్ జోలికే పోలేదు.

నీడ గురించి కూడా చెప్పాలి. వేపచెట్టు నీడ మనిషికి మంచిదే గానీ బండికి కాదు. బంక కారుతుంది, ఆకులు అద్దం కింది గాడిలో చేరి నీళ్లు పోయే దారులు మూస్తాయి. రేకుల షెడ్డు వేయించాను. అద్దానికి లోపల వెండిరంగు అట్ట, సీట్లకు రెండునెలలకోసారి లెదర్ కండిషనర్. పైకప్పు గుడ్డ వెనకవైపు జారింది, వేడికి జిగురు పోయి. అది వానలు పడ్డాక చేయిస్తాను, ఇప్పుడు అతికిస్తే ఈ ఎండకు నిలవదు.

మే 12

తెల్లవారి ఐదింటికి గుత్తి దాకా వెళ్లొచ్చాను, రానూపోనూ వంద కిలోమీటర్ల పైనే. ఐదు గేర్లూ వెన్నలా మారాయి. తిరిగొస్తూ కావాలనే నాలుగుచోట్ల ఆపి, ఇంజిన్ వేడిమీదే మళ్లీ స్టార్ట్ చేశాను. ఒక్కసారి కూడా రెండో గేరులో ఇరుక్కోలేదు. స్కానర్‌లో మిగిలింది కిటికీ ఎర్రర్ ఒక్కటే. డ్రైవర్ తలుపు మడతలో తీగ తెగి ఉంటుందని భాయ్ అనుమానం. వచ్చే ఆదివారం తలుపు రబ్బరు గొట్టం విప్పి చూస్తాం.

రోజూ రాత్రి గేర్‌బాక్స్ కింద ఒక అట్టముక్క పరుస్తున్నాను, పొద్దున్నే తీసి వెలుతురులో చూస్తాను. మార్చి 10 నుంచి ఈరోజు దాకా ఒక్క చుక్క లేదు.