వేళ్ళ కోసం హనుమకొండ దాకా

ముసురు పట్టిన ఉదయం కరీంనగర్ బస్టాండులో హనుమకొండ బస్సెక్కిన వారికి సీటు దొరకడమే గొప్ప. ఒడిలో కుండీ పెట్టుకుని కూర్చోవడానికి నాకు కిటికీ పక్క సీటే దొరికింది గానీ, ఆ సంతోషం హుజూరాబాద్ దాకా కూడా నిలవలేదు. కుండీలో ఉన్నది అజీలియా అనే పూలమొక్కను పొట్టిగా పెంచిన బోన్సాయ్ చెట్టు, అందులోనూ వేళ్ళు బయటికి కనిపించేలా పెంచినది. జపాన్‌వారు నెయాగరి అని పిలిచే ఈ పద్ధతిలో కాండం నేల మీద కాక, జానెడు ఎత్తున గాలిలో నిలిచిన వేళ్ళ గుంపు మీద ఆని ఉంటుంది. చూడటానికి ఎంత ఠీవిగా ఉంటుందో బస్సులో తీసుకుపోవడానికి అంత ఇబ్బంది. బరువంతా పైన ఉండి పట్టంతా కింద ఉండటం వల్ల, డ్రైవరు బ్రేకు వేసిన ప్రతిసారీ చెట్టు ముందుకు తూగేది, నేను రెండు చేతులతో కాండాన్ని ఒడిసి పట్టుకునేవాణ్ణి. దీనికి తోడు లగేజీ టికెట్టు తీసుకోవాలని కండక్టరు పట్టుబట్టాడు. ఒడిలో ఉన్న కుండీ ఎవరి చోటు ఆక్రమించిందని ఎంత వాదించినా డబ్బు కట్టక తప్పలేదు.

ఎల్కతుర్తిలో ఎక్కి నా పక్కన కూర్చున్న పెద్దమ్మ కుండీని చాలాసేపు జాలిగా చూసి, "ఏంది బిడ్డా, మన్నంత కొట్టుకపోయి ఏర్లు బయటవడ్డయ్, జర మన్ను పొయ్యరాదు?" అని అడిగింది. కావాలనే అలా పెంచారని చెబితే ఆమె నమ్మలేదు. "మా ఒర్రె గట్టు మీది చెట్లకు గిట్లనే అయితది, గని దానికి పైసలు వెట్టి ఎవ్వలు కొనరు" అని తేల్చేసి, హసన్‌పర్తిలో దిగిపోయింది. ఆమె మాటలో తప్పేమీ లేదు. వాగు ఒడ్డు కోసుకుపోయి మట్టి జారిపోయిన చోట వేళ్ళ మీదనే నిలదొక్కుకున్న చెట్టును చూసే ఈ పద్ధతి పుట్టింది. వాన ఊరికే చేసే పనిని మనం డబ్బు పెట్టి ఏళ్ళ తరబడి చేస్తున్నామన్న ఆలోచన హనుమకొండ చౌరస్తా చేరేదాకా నన్ను కాస్త చికాకు పెడుతూనే ఉంది.

కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన ఒక పెద్దాయన దగ్గరే కొన్నేళ్ళ క్రితం ఈ మొక్కను కొన్నాను, ఇప్పుడు కుండీ మార్పించడానికి మళ్ళీ ఆయన ఇంటికే తెచ్చాను. ఆయన కొమ్మ అంటును సన్నని ప్లాస్టిక్ పైపులో నాటి, అడుగున మంచి మట్టి మిశ్రమం, పైభాగంలో ముతక ఇసుక నింపుతారు. నీరు, ఆహారం కిందే ఉండటంతో వేళ్ళు నిటారుగా దిగుతాయి. అవి కొంత బలపడిన తర్వాత పైపును పైనుంచి కొంచెం కొంచెంగా కోస్తూ, ఏడాదికి అంగుళమో రెండంగుళాలో మట్టి తీస్తారు. అజీలియా వేళ్ళు వెంట్రుకల్లాంటి పీచువేళ్ళు కాబట్టి, మర్రికీ జువ్వికీ పనికొచ్చే తొందర దీనికి పనికిరాదు. బెరడు కట్టకముందే బయటపెట్టిన వేరు మన వడగాలికి ఒక్క మధ్యాహ్నంలో ఎండిపోతుంది. అందుకే కొత్తగా బయటపడిన భాగానికి ఆయన ఒక కాలమంతా తడి నాచు చుట్టి ఉంచుతారు.

ఆ పెరట్లో నన్ను ఆశ్చర్యపరిచినది చెట్లకంటే ముందు నీళ్ళు. బోరు ఉండగా, దాని నీళ్ళు అజీలియాలకు ఒక్క చుక్క కూడా తగలనివ్వకుండా, డాబా మీది వాననీటిని డ్రమ్ముల్లో పట్టి పెట్టుకున్నారు. అజీలియాకు ఆమ్లగుణం ఉన్న మట్టి కావాలి. సున్నపు గుణమున్న బోరు నీళ్ళు పోస్తూ పోతే మట్టి గుణం మారి, వేళ్ళు ఇనుమును అందుకోలేక, ఈనెలు పచ్చగానే ఉండి ఆకు పసుపుబారుతుంది. మా ఇంటి దగ్గర ఎరువు ఎక్కువైందో తక్కువైందో తేలక తల పట్టుకున్న సమస్యకు సమాధానం ఆ డ్రమ్ముల్లో దొరికింది.

తర్వాత కుండీ మార్పిడి మొదలైంది. కుండీలోంచి తీసిన వేళ్ళముద్ద రంపంతో కోసేంత గట్టిగా ఉంది, నిజంగానే అడుగుభాగాన్ని రంపంతోనే కోశారు. మిగిలిన ముద్దను వెదురు పుల్లతో అంచుల నుంచి లోపలికి, పైకి లాగకుండా కిందికే దువ్వారు. నడిమధ్యన పాత కొబ్బరిపొట్టు గడ్డ పొడిగా బయటపడింది. వేళ్ళు కిక్కిరిసిన అలాంటి ముద్ద నడిమధ్య ఒకసారి పూర్తిగా ఎండితే మళ్ళీ సులువుగా తడవదు. పైన పోసిన నీళ్ళన్నీ అంచుల వెంట జారిపోతుంటే, తడిసిందని మనం అనుకుంటూ ఉంటాం. కొత్త కుండీలో ఆయన వాడినది జపాన్‌లోని తొచిగి ప్రాంతం నుంచి వచ్చే కనూమా, అకాగి అగ్నిపర్వతం ఎప్పుడో వెదజల్లిన తేలికపాటి పసుపు రాయి. తడిసినప్పుడు ముదురుగా, ఆరినప్పుడు పాలిపోయి కనిపించడం వల్ల నీళ్ళు ఎప్పుడు పోయాలో అదే చెబుతుంది. కిలో ధర మాత్రం సన్నబియ్యానికి కొన్ని రెట్లుంది. ఇంత పెట్టి రాళ్ళు కొన్నానని ఇంట్లో చెప్పే ధైర్యం నాకు లేదు. చివరగా కుండీ రంధ్రాల గుండా తీగ దూర్చి వేళ్ళను గట్టిగా బిగించారు, ఎందుకంటే పైబరువున్న చెట్టు ఊగితే అప్పుడే పుట్టే పీచువేళ్ళు తెగిపోతాయి.

పూలు రాలగానే కుండీ మార్చాలని పుస్తకాలు చెబుతాయి కదా, ఆరుద్ర కార్తె దాకా ఎందుకు ఆగారని అడిగాను. జపాన్‌లో సత్సుకి అనే రకం అజీలియాలు మే, జూన్ నెలల్లో పూస్తాయి, ఆ వెంటనే అక్కడ వానాకాలం వస్తుంది. మన దగ్గర పూలు ముందే అయిపోయి, ఆ వెంటనే ఎండాకాలం వస్తుంది. "పువ్వును కాదు సార్, వానను చూడాలె" అన్నారాయన. ఈ ఒక్క మాటకు బస్సు చార్జీలు, లగేజీ టికెట్టు కూడా గిట్టుబాటయ్యాయనిపించింది.

ఈసారే మరో అంగుళం మట్టి తీయమని అడిగితే మాత్రం ఆయన ఒప్పుకోలేదు. కింది వేళ్ళు ఇంకా పెన్సిలంత లావు కూడా కాలేదని చూపించి, కాండం మొదట్లో పుట్టే పిలకలను ఎప్పటికప్పుడు గిల్లకపోతే ఈ జాతి కింద బలిసి తల దగ్గర నీరసిస్తుందని హెచ్చరించారు. ఈ ఏడు కట్టే మొగ్గలను కూడా గిల్లెయ్యమన్నారు. పిలకల సంగతి సరే గానీ, మొగ్గల విషయంలో ఆయన మాట పూర్తిగా వినే ఉద్దేశం నాకు లేదు; రెండు మూడు పూలైనా ఉంచుకుంటాను.